కొన్నది మనదేనా?



ఈ మాసము మేము వ్రాయబోయే సంగతి మీలో కొందరికి వింతగా తోచవచ్చును. వీడియో గేముల సంగతి సంఘ పత్రికలో ఎందుకని అడిగేవారు కూడ ఉంటారు. పిల్లలు ఆ ఆటలు ఆడవచ్చునా, ఎంతసేపు ఆడవచ్చును అనే ప్రశ్న జోలికి మేము ఈసారి వెళ్లడము లేదు. ఈసారి ప్రశ్న వేరు. డబ్బు పెట్టి కొన్న వస్తువును, అవసరము వచ్చినప్పుడు తిరిగి అమ్ముకొనే స్వేచ్ఛ మనకు ఉన్నదా? ఇది ఆటల దుకాణములో మొదలైన ప్రశ్నే గాని అక్కడితో ఆగేది కాదు.

గత మాసము నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెనుండి మాకు తెలిసిన ఒక తల్లి అమీర్‌పేటకు వచ్చింది. ఆమె కుమారుడు మైత్రీవనము వెనుక సందులో ఒక హాస్టలులో ఉండి కంప్యూటరు కోర్సు నేర్చుకున్నాడు, తరువాత చిన్న ఉద్యోగము దొరికింది. మొదటి సంవత్సరము జీతములో మిగిలిన డబ్బుతో ఒక గేము మిషను కొనుక్కున్నాడు. ఇప్పుడు చెల్లెలికి నర్సింగు కళాశాలలో సీటు వచ్చింది. మొదటి కంతు ముప్పైవేలు కట్టాలి. పిల్లవాడు తనంతట తానే, "అమ్మా, ఆ మిషను అమ్మేస్తాను" అన్నాడట. "అయ్యగారూ, ఆ దుకాణాలు మాకు తెల్వవు. మీరొక్కసారి తోడు రాండ్రి" అని ఆమె అడిగింది. పంజాగుట్ట దాటి బంజారా హిల్స్‌లో పాత గేములు కొని అమ్మే ఒక దుకాణమునకు ముగ్గురము కలసి వెళ్లాము.

దుకాణదారు మర్యాదస్థుడు. మిషను బిగించి చూచి, పద్దెనిమిది వేలు ఇస్తానన్నాడు. పిల్లవాని సంచిలో మూడు డిస్కులు ఉన్నాయి. వాటిని వెలుతురుకు ఎత్తిపట్టి, గీతలు లేవని చూచి, మూడింటికి నాలుగువేలు లెక్కకట్టాడు. పావుగంటలో పని ముగిసింది. అప్పుడు పిల్లవాడు, "అన్నా, మిషనులో ఇంకా పదకొండు గేములున్నాయి. ఆన్‌లైనులో కొన్నాను. అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేల దాకా అయింది" అన్నాడు. దుకాణదారు తల అడ్డముగా ఊపాడు. "అవి అమ్మడానికి లేదు తమ్ముడూ. అవి నీ అకౌంటుకే అంటుకొని ఉంటాయి. డిస్కయితే నా చేతికిస్తావు. దాన్నేమిస్తావు?"

ఆ తల్లి కొంతసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత మా వైపు తిరిగి ఇలాగన్నది: "పైసలు పెట్టి కొన్నది అమ్ముకోనియ్యకపోతే, అది మాదెట్లయితది అయ్యగారూ?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఇరవైరెండు వేలు చేతికి వచ్చాయి. తక్కువైన ఎనిమిదివేలకు ఆమె తన చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఆమె ప్రశ్న మాత్రము మా దగ్గరే ఉండిపోయింది. దానికి జవాబు వెదకుచు తెలిసికొన్న సంగతులే ఈ మాసము మీ ముందుంచుతున్నాము.

పాత వస్తువు, పేదవాని ద్వారము

మనలో పాత వస్తువు ఎరుగని ఇల్లు లేదు. అన్న చదివిన పుస్తకములు తమ్మునికి వస్తాయి. పట్నములో ఒకరు తొక్కి వదలిన సైకిలు పల్లెలో మరొకరికి పదేండ్లు సేవ చేస్తుంది. మేము వేదాంత విద్య చదివే రోజులలో వ్యాఖ్యాన గ్రంథములు కొత్తవి కొనే స్తోమతు మాకు లేదు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అబిడ్స్‌కు వెళ్లి, మూసియున్న దుకాణముల ముందు ఫుట్‌పాతు మీద పరచిన పాత పుస్తకములలో వెదికేవారము. దొరికిన పుస్తకములో మొదటి పేజీ మీద ఎవరిదో పేరు, ఏదో సంవత్సరము ఉండేది. ఆ పేరు క్రింద మా పేరు వ్రాసుకొనేవారము. పాత పుస్తకమే లేకపోతే మాకు ఆ చదువు లేదు.

కాబట్టి తిరిగి అమ్ముకొనే స్వేచ్ఛ అమ్మేవానికి మాత్రమే లాభమని తలంచవద్దు. కొత్తది కొనలేనివానికి అదే ద్వారము. అది మూసుకుంటే కొత్త ధర ఇవ్వగలవాడు లోపల, ఇవ్వలేనివాడు బయట. మొదట కొనేవానికి కూడ ఇది ధైర్యమే. రేపు అక్కర వస్తే సగము ధరైనా తిరిగి వస్తుందనే నమ్మికతోనే మనము అనేక వస్తువులు కొంటాము.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పాతది అమ్ముట వేరు, నకలు తీసి అమ్ముట వేరు. డిస్కు ఒకటే, అది నా చేతినుండి నీ చేతికి వస్తే నా దగ్గర ఇక ఉండదు. అది న్యాయమైన అమ్మకము. ఒక డిస్కునుండి నూరు డిస్కులు తీసి అమ్మితే అది దొంగతనమే. మా చిన్నతనములో, 1990లలో, టీవీకి తగిలించే గేము పెట్టెలు వచ్చాయి. వాటిలో పెట్టే పసుపుపచ్చ క్యాసెట్లను కొద్దిపాటి రూపాయలిచ్చి దుకాణములో మార్చుకొని ఆడుకున్నాము. అవి చాలమట్టుకు నకళ్లేనని అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు తెలిసి అలా చేస్తే సాకు లేదు. మన కాపీరైటు చట్టములోని 63బి సెక్షను ప్రకారము, నకలు ప్రోగ్రామని తెలిసియు కంప్యూటరులో వాడినవానికి ఏడు దినములనుండి మూడేండ్ల వరకు జైలుశిక్ష, యాభైవేలనుండి రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చును.

ఈ తగవు పాతదే

ఒకసారి అమ్మిన తరువాత కూడ వస్తువు మీద తన అదుపు ఉండవలెనని కోరుట తయారుచేసేవారికి కొత్త అలవాటు కాదు. అమెరికాలో బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ 1904లో ఒక నవలను అచ్చువేసి, దీనిని ఒక డాలరుకు తక్కువగా ఎవరైనా అమ్మితే హక్కు మీరినట్లేనని లోపలి పేజీలో ప్రకటన వేసింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణము దానిని 89 సెంట్లకు అమ్మింది. వ్యాజ్యము అక్కడి సుప్రీం కోర్టుకు వెళ్లింది. 1908 జూన్ 1న కోర్టు దుకాణము పక్షమున తీర్పు చెప్పింది. పుస్తకమును ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి మీద, దాని ధర మీద, ప్రచురణకర్తకు అదుపు లేదని ఆ తీర్పు సారాంశము. న్యాయవాదులు దీనిని మొదటి అమ్మకపు సూత్రమంటారు. మొదటి అమ్మకముతో ఆ ప్రతి మీద అమ్మినవాని అదుపు తీరిపోతుంది.

ఆటల విషయములో ఇదే తగవు జపానులో వచ్చింది. పాత గేములు అమ్మే దుకాణములను ఆపవలెనని అక్కడి గేము కంపెనీలు కోర్టుకెక్కాయి. 2002 ఏప్రిల్ 25న జపాను సుప్రీం కోర్టు పాత గేముల అమ్మకము చట్టసమ్మతమేనని తేల్చింది.

కోర్టులలో ఓడినచోట కొందరు వేరే దారి త్రొక్కారు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కంపెనీ తన ఆటలకు ఆన్‌లైన్ పాసు అనే పద్ధతి పెట్టింది. కొత్త డిస్కుతో ఒక కోడు వస్తుంది. అది ఒక్కరికే పనిచేస్తుంది. అదే డిస్కును పాతగా కొన్నవాడు ఇంటర్నెట్టులో ఇతరులతో కలసి ఆడవలెనంటే వేరుగా పది డాలర్లు కట్టాలి. ఆడేవారికి ఇది నచ్చలేదు. 2013 మే నెలలో ఆ కంపెనీయే దానిని మానుకున్నది.

ఆ 2013వ సంవత్సరమే ఈ కథలో పెద్ద మలుపు. జూన్ 6న మైక్రోసాఫ్టు కంపెనీ, తాను తేబోయే ఎక్స్‌బాక్స్ వన్ అనే మిషను నియమములు ప్రకటించింది. మిషను ప్రతి 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్టుకు తగిలి అనుమతి తెచ్చుకోవాలి. గేమును స్నేహితునికి ఊరకనే ఇవ్వవలెనన్నా, అతడు కనీసము ముప్పై దినములుగా మన స్నేహితుల జాబితాలో ఉండాలి; ఒక గేమును ఒక్కసారే అలా ఇవ్వవచ్చును. పాత గేముగా దుకాణమునకు తిరిగి అమ్మవచ్చునా లేదా అనేది ఆ గేమును ప్రచురించిన కంపెనీ ఇష్టము. ఇంటర్నెట్టు సరిగా లేని ఊళ్లలోనివారు ఏమి చేయాలన్న ప్రశ్నకు సరియైన జవాబు లేకపోయింది.

నాలుగు దినముల తరువాత, జూన్ 10న, సోనీ కంపెనీ లాస్ ఏంజిల్స్‌లో జరిగిన ప్రదర్శనలో తన ప్లేస్టేషన్ 4కు అటువంటి కట్టడి ఏమియు లేదని చెప్పింది. పాత గేము అమ్మవచ్చును, అరువు ఇవ్వవచ్చును, ఉంచుకోవచ్చును. స్నేహితునితో గేము పంచుకొనుట ఎలాగో చూపే ఒక చిన్న చిత్రము కూడ విడుదల చేసింది. అందులో ఉన్నదంతా ఒకరు డిస్కు పెట్టెను ప్రక్కవారి చేతికి ఇచ్చుటే! ధర కూడ నూరు డాలర్లు తక్కువ. జనము ఎటు మొగ్గారో చెప్పనక్కరలేదు. జూన్ 19న మైక్రోసాఫ్టు తన నియమములను వెనుకకు తీసికొన్నది. ప్రకటించిన నాటినుండి పదమూడు దినములు.

ఇందులో కోర్టు లేదు, కొత్త చట్టము లేదు. కొనేవారికి రెండు మార్గములు కనబడినందున, ఒక మార్గము నచ్చనివారు రెండవ దాని వైపు తిరిగారు. ఎంచుకొనే వీలు ఉన్నప్పుడు కొనేవాని మాటకు బలముంటుంది. ఉన్న దుకాణము ఒక్కటే అయితే ఆ బలము పోతుంది.

మూసుకొంటున్న తలుపు

అయితే ఆ గెలుపుతో సంగతి ముగియలేదు. పెద్ద కట్టడి ఒక్కసారిగా పెట్టితే జనము ఎదిరించారు. డిస్కే మెల్లగా తొలగిపోతుంటే అంతమంది గమనించలేదు. 2021 ఫిబ్రవరిలో మన దేశమునకు ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు దానిలో రెండు రకములున్నాయి. డిస్కు పెట్టుకొనేది 49,990 రూపాయలు. డిస్కు లేనిది, అంటే డౌన్‌లోడు మీదనే ఆధారపడేది, 39,990 రూపాయలు. చూచుటకు పదివేలు ఆదా. కాని రెండవది కొన్నవాడు ఆటలు ఆ కంపెనీ ఆన్‌లైన్ దుకాణములోనే కొనాలి. పెద్ద ఆట కొత్తది ఐదువేలకు దగ్గరగా ఉంటుంది. పాత డిస్కు సగము ధరకు దొరికినా అతనికి పనికిరాదు. ఆడి ముగించినది అమ్ముకొనుటకు వీలు లేదు. నాలుగైదు ఆటలలోనే ఆ పదివేల ఆదా కరిగిపోతుంది.

2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 అనే మిషనుకు కొన్ని ఆటలు వింతగా వస్తున్నాయి. పెట్టెలో కార్డు ఉంటుంది గాని కార్డులో ఆట ఉండదు. అది తాళపుచెవి మాత్రమే. ఆటను ఇంటర్నెట్టునుండి దించుకోవాలి. ఈ కార్డును వేరొకరికి అమ్మవచ్చును, అంతమట్టుకు మేలే. కాని ఆటను పంపే కంప్యూటర్లను కంపెనీ మూసివేసిన దినమున ఆ తాళపుచెవికి తలుపు ఉండదు.

అలా మూసివేయుట ఊహ కాదు. అదే నింటెండో కంపెనీ తన పాత మిషనులైన వై యు, త్రీ డీఎస్‌ల ఆన్‌లైన్ దుకాణములో 2023 మార్చి 27తో అమ్మకములు ఆపివేసింది. యుబిసాఫ్టు కంపెనీ 2014లో అమ్మిన ద క్రూ అనే కార్ల పందెపు ఆట, 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపిన తరువాత ఎవరికిని ఆడుటకు రాకుండ పోయింది. డిస్కు కొన్నవారి డిస్కు కూడ పనికిరాలేదు.

"కొన్నాము గదా, అమ్ముకోనివ్వండి" అని ఐరోపాలో కొందరు కోర్టుకు వెళ్లారు. డౌన్‌లోడు చేసికొన్న సాఫ్టువేరును, కాలపరిమితి లేకుండ డబ్బు కట్టి కొన్నట్లయితే, తిరిగి అమ్ముకోవచ్చునని ఐరోపా న్యాయస్థానము 2012 జూలై 3న తీర్పు ఇచ్చింది. దాని ఆధారముతో ఫ్రాన్సులోని ఒక వినియోగదారుల సంఘము, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణము మీద దావా వేసింది. 2019లో పారిస్ కోర్టు సంఘము పక్షమున చెప్పింది. 2022లో పై కోర్టు దానిని కొట్టివేసింది. 2024 అక్టోబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానము పై కోర్టు తీర్పునే స్థిరపరచింది. ఆట అంటే వట్టి సాఫ్టువేరు కాదు, బొమ్మలు, సంగీతము, కథ కలసిన కృతి. దానికి ఆ 2012 తీర్పు వర్తించదని వారు చెప్పిన కారణము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము మాత్రము మరొక వైపునుండి వచ్చింది. అమ్ముకోనివ్వండి అని అది చెప్పలేదు. నిజము చెప్పండి అన్నది. 2025 జనవరి 1నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, ఆన్‌లైను దుకాణము ఇచ్చేది వాడుకొనే అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి కొనేవానికి స్పష్టముగా తెలియజేయకుండ "కొనండి" అనే మాట వాడకూడదు. ఇది చిన్న మాటే గాని మంచి మాట అని మేము తలంచుచున్నాము.

మన చట్టము ఏమంటుంది?

మన కాపీరైటు చట్టము 1957 నాటిది. పుస్తకముల విషయములో అది మొదటినుండి ఉదారముగానే ఉన్నది. ఒకసారి లోకములోనికి వచ్చిన ప్రతిని చేతులు మారకుండ ఆపే హక్కు ప్రచురణకర్తకు లేదు. అబిడ్స్ ఫుట్‌పాతు బ్రదుకుతున్నది అందుకే.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయములో అలా జరుగలేదు. 1994 సవరణ 1995 మే 10నుండి అమలులోనికి వచ్చింది. ప్రోగ్రాము ప్రతిని అమ్మే, అద్దెకిచ్చే హక్కు దాని యజమానిదేనని, ఆ ప్రతి అంతకుముందు అమ్ముడుపోయినదైనను సరేనని అందులో వ్రాశారు. అంటే ఆ మాటలను ఉన్నవున్నట్లు చదివితే, డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాము డిస్కును తిరిగి అమ్ముటకు కూడ యజమాని అనుమతి కావలెను. 1999 సవరణ ఈ మాటలను తీసివేసింది. అది 2000 జనవరి 15న అమలులోనికి వచ్చింది. సినిమా ప్రతుల విషయములో మాత్రము ఆ మాటలు 2012 సవరణ వరకు నిలిచాయి. వాటి బలముతోనే 2009లో ఢిల్లీ హైకోర్టు, విదేశములో న్యాయముగా కొని తెచ్చిన సినిమా డిస్కులను ఇక్కడ అద్దెకిచ్చుటను తప్పుపట్టింది.

2021 మార్చి 2న మన సుప్రీం కోర్టు సాఫ్టువేరు మీది ఆదాయపు పన్ను వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, 1999లో ఆ మాటలు తీసివేయుటను ప్రస్తావించింది. ఒకసారి అమ్మిన ప్రతి మీద యజమాని అమ్మకపు హక్కు తీరిపోతుందనే సూత్రమును మన చట్టము అంగీకరించినట్లేనని చెప్పింది. కనుక బంజారా హిల్స్ దుకాణదారు ఆ మూడు డిస్కులు కొనుటలో తప్పేమియు లేదు.

అయితే ఆ పదకొండు ఆటల మాట? అక్కడ చేతులు మారుటకు ప్రతియే లేదు. అకౌంటు తెరిచేటప్పుడు మనము చదువకుండ "అంగీకరిస్తున్నాను" అని నొక్కే ఆ పొడుగాటి ఒప్పందములో, ఇది వాడుకొనే లైసెన్సు మాత్రమేనని, వేరొకరికి బదలాయించరాదని వ్రాసి ఉంటుంది. ఇల్లు కొన్నామనుకొని అద్దె ఇంటిలో చేరినట్లే. అద్దె ఇల్లు తప్పు కాదు. అద్దె ఇంటిని సొంత ఇంటి మాటలతో చూపించుట తప్పు.

పల్లెలోని రైతు సోదరులకు ఈ సంగతి వేరే విధముగా తెలుసు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ సెక్షను, తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు రైతుకు హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు వేసి అమ్మరాదని మాత్రము కట్టడి పెట్టింది. తయారుచేసినవాని శ్రమకు విలువ, కొన్నవాని చేతికి స్వేచ్ఛ, రెండింటిని ఒకే చట్టములో నిలుపవచ్చునని దానివలన తెలుస్తున్నది. విత్తనమునకు చేయగలిగినది ఆటకు, పుస్తకమునకు, పాటకు ఎందుకు చేయరాదు?

అవతలివారి మాట

న్యాయముగా రెండవ పక్షమును కూడ వినవలెను. ఒక పెద్ద ఆట చేయుటకు వందలమంది ఏండ్ల తరబడి కష్టపడతారు. మన హైదరాబాదులోనే అటువంటి పని చేసే యౌవనస్థులున్నారు. పాత డిస్కు పదిసార్లు చేతులు మారితే వారికి ఒక్కసారే ధర ముడుతుంది. డౌన్‌లోడు ఆట అరగదు, గీతలు పడదు. పాతది కొత్తదానితో సమానము గనుక అమ్ముకోనిస్తే కొత్తది ఎవరు కొంటారని వారంటారు. డౌన్‌లోడు ఆటలు పండుగలప్పుడు చాల తక్కువ ధరకు వస్తాయన్నది కూడ నిజమే.

ఈ మాటలలో బరువు ఉన్నది. అయితే సైకిలు చేసినవానికి, పుస్తకము వ్రాసినవానికి కూడ రెండవ అమ్మకములో ఏమియు రాదు. అయినను వారు బ్రదుకుతున్నారు. పాతది అమ్మిన డబ్బుతో కొత్తది కొనేవారు కూడ అనేకులు. తిరిగి అమ్ముటకు వీలులేని వస్తువుకు ధర ఆ మేరకు తగ్గించి, ఆ మాట ముందే చెప్పితే మాకు అభ్యంతరము లేదు. పూర్తి ధర తీసికొని సగము హక్కు ఇచ్చుటే మాకు అన్యాయముగా తోస్తున్నది.

అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు మక్పేలా పొలమును కొన్న సంగతి మనకు తెలిసినదే. ఎఫ్రోను ఊరకనే ఇస్తానన్నాడు. అబ్రాహాము ఒప్పుకొనలేదు. ఊరి గవినియొద్ద, అందరి యెదుట నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, గుహ, పొలిమేరలోపల ఉన్న చెట్లు సహా లెక్కలోనికి వచ్చాయి. ఏది తనదైనదో, ఎక్కడివరకు తనదైనదో సాక్షుల యెదుట తేల్చుకొన్నాడు. ఆయన తరువాత ఆయన పిల్లలకు ఆ స్థలము నిలిచింది. కొనుటంటే అది.

కుటుంబములు గమనించవలసినవి

1. మిషను కొనేటప్పుడు డిస్కు పెట్టుకొనే వీలున్నదా అని అడగండి. ధరలోని తేడాను మాత్రమే చూడక, రాబోయే రెండేండ్లలో కొనే ఆటల ఖర్చు కూడ లెక్కవేయండి.

2. పెట్టె మీది చిన్న అక్షరములు చదవండి. లోపల డిస్కు ఉన్నదా, డౌన్‌లోడు కోడు మాత్రమే ఉన్నదా, ఇంటర్నెట్టు తప్పనిసరియా అనేవి ముందే తెలిసికోండి. మన ఊరిలో సిగ్నలు ఎలాగుంటుందో మనకు తెలియును గదా.

3. పాత డిస్కు కొనేటప్పుడు దుకాణములోనే వేసి చూడండి. రశీదు అడగండి. నకలు డిస్కు ఎంత చవకైనను వద్దు.

4. వేరొకరి అకౌంటును పాస్‌వర్డుతో సహా కొనవద్దు. కంపెనీ నియమములు దానిని ఒప్పవు. అమ్మినవాడు రేపు పాస్‌వర్డు మార్చి తిరిగి తీసికోవచ్చును. మీకు అడిగే చోటు ఉండదు.

5. మీ మిషను అమ్మే ముందు మీ అకౌంటు, బ్యాంకు కార్డు వివరములు అందులోనుండి పూర్తిగా తుడిచివేయండి.

6. మోసము జరిగితే ఊరకుండవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20నుండి అమలులో ఉన్నది. వస్తువు నాణ్యత, ధర మొదలగువాటిని తెలిసికొనే హక్కు, పోటీ ధరలకు పలు రకముల వస్తువులలో ఎంచుకొనే హక్కు అందులో ఉన్నాయి. తగిన కారణము లేకుండ ఒప్పందమును ఒక పక్షమువారే రద్దుచేసికొనే షరతును అది అన్యాయపు ఒప్పందముల లెక్కలో చేర్చింది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915. తెలుగులో కూడ చెప్పుకోవచ్చును.

మా పిల్లలు గేములాడరు గనుక ఈ సంగతి మాకెందుకని అనుకోవద్దు. మీ ఫోనులో డబ్బు కట్టి దించుకొన్న పుస్తకము, పాట, పాఠము కూడ చాలమట్టుకు ఇదే విధమైన లైసెన్సు మీద ఉన్నవే. తాతగారి పెట్టెలోని కీర్తనల పుస్తకము మనుమనికి వచ్చినట్లు, తాతగారి ఫోనులోని పుస్తకములు మనుమనికి వస్తాయా? ఇంటిలో కూర్చొని ఒకసారి మాటలాడుకోండి.

ఆ తల్లికి మేము చెప్పగలిగిన జవాబు ఇంతే: అమ్మా, నీ ప్రశ్న సరియైనదే. అమ్ముకొనుటకు, ఇచ్చుటకు, పిల్లలకు విడిచిపెట్టుటకు వీలులేనిది పూర్తిగా మనది కాదు. ఇక మీదట డబ్బు ఇచ్చే ముందే ఆ ప్రశ్న అడుగుదాము. దుకాణములో, ఫోనులో, ఎక్కడైనను. పదిమంది అడిగితే దుకాణదారు వింటాడు. పది లక్షలమంది అడిగితే కంపెనీ పదమూడు దినములలో మాట మార్చుకోవడము 2013లో లోకము చూచింది.

ఆమె కుమార్తె నర్సింగు కళాశాలలో చేరింది. కుమారుడు మాత్రము మొన్న మాకు ఫోను చేసి, అమ్మ కమ్మలు విడిపించినట్లు చెప్పాడు. మొదట చేతికి వచ్చిన జీతముతో ఆ పని చేశాడట. "ఇంకేమి కొన్నావు?" అని అడిగితే నవ్వాడు. "చెల్లెలికి పుస్తకాలు అయ్యగారూ. కోఠీలో, సెకండ్ హ్యాండువి."

మీ అనుభవములను మాకు వ్రాయండి. వచ్చే మాసము మరల కలసికొందాము.